సాంకేతిక పరిశ్రమలకు మన మండలముల యోగ్యత

ఆంధ్రదేశమున నేడు ఏ పట్టణమున నలుగురు పెద్దమనుష్యులు కూడినను, ఏ పఠనమందిరమున పత్రికలు విప్పినను, ముందుగా వినవచ్చు ప్రశ్న యొక్కటియే: "మా జిల్లాకు ఏ పరిశ్రమ వచ్చుచున్నది?" 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్టణమున అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చించి కృత్రిమ మేధకు వలసిన డేటా కేంద్రమును నెలకొల్పుదుమని ప్రకటించెను. అదే సంవత్సరమున ఆ పట్టణమునందే టాటా కన్సల్టెన్సీ సంస్థకు 21.16 ఎకరముల భూమిని 99 పైసల నామమాత్రపు వెలకు ఇచ్చుటకు రాష్ట్ర మంత్రివర్గము సమ్మతించెను. అమరావతిలో క్వాంటం గణనమునకు ప్రత్యేక క్షేత్రము వెలయునని మరియొక ప్రకటన వెలువడెను. ఇవి చదివి రాయలసీమవారు "మాకేది?" యనుచున్నారు. గోదావరి మండలమువారు "మేమేమి పాపము చేసితిమి?" యనుచున్నారు. ప్రతి మండలమును తన వాటాను తాను అడుగుచున్నది.

ఈ యాశను మేము నిందింపము. పట్టభద్రులైన బిడ్డలను బెంగుళూరునకో, హైదరాబాదునకో, సముద్రములు దాటి అమెరికాకో పంపి, పండుగనాడు వారి ముఖములను చరవాణిలో చూచుకొను తల్లిదండ్రులకు ఈ యాశ ఎంత తీవ్రమైనదో మేమెరుగుదుము. కాని ఆశ వేరు, యోగ్యతను నిర్ణయించుట వేరు. ఏ నేలలో ఏ పైరు పండునో తెలిసికొనకయే విత్తనము చల్లువానిని మనము రైతని పిలువము. అట్లే, ఏ మండలమున ఏ పరిశ్రమ వేళ్లూనునో విచారింపకయే భూములను, నీటిని, విద్యుచ్ఛక్తిని, పన్నుల రాయితీలను ధారపోయుట రాజనీతి కాజాలదు. ఈ విచారణ మన శాసనసభలలోగాని, పత్రికలలోగాని జరుగవలసినంత జరుగుటలేదని మా అభిప్రాయము. అందువలననే ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

నేడు మనము పరిశ్రమలను కొలుచు కొలబద్ద లేవి? ఎన్ని కోట్ల పెట్టుబడి, ఎన్ని ఎకరముల భూమి, ఎన్ని వేల ఉద్యోగములు అనునవి మూడే. ఈ మూడును ఒప్పందముల దినమున చెప్పబడు అంకెలు. పదేండ్ల తరువాత వానిని సరిచూచువారు అరుదు. అవి నిజమైనను, ఒక పరిశ్రమ వచ్చుటకును, ఒక మండలము పారిశ్రామికమగుటకును గల భేదమును ఆ యంకెలు తెలుపజాలవు. ఒక కర్మాగారము ఊరి వెలుపల ప్రహరీగోడ కట్టుకొని ఇరువదియేండ్లు నడచి, ఆ గోడకు ఇవతల నున్న ఊరిలో ఒక్క లేతు యంత్రమైనను హెచ్చుగా తిరుగకపోవచ్చును. మరియొక కర్మాగారము పదేండ్లకే మూతపడినను, దానిలో పని నేర్చినవారు ఆ వీధులలోనే నూరు చిన్న కర్మాగారములను నిలుపవచ్చును. ఈ రెండవదే మండలమునకు మిగులు సంపద.

ఇంగ్లీషువారు క్లస్టరని పిలుచునది ఈ రెండవ విధమైన వృద్ధినే. ఒక విధమైన పనికి సంబంధించిన సంస్థలు, పనివారు, పాఠశాలలు, సరఫరాదారులు ఒకేచోట గుమిగూడి, ఒకరివలన నొకరు బలపడుట దాని లక్షణము. ఆల్ఫ్రెడ్ మార్షల్ అను అర్థశాస్త్రజ్ఞుడు 1890లో ప్రకటించిన గ్రంథమునందే దీని కారణములను విడమరచి చెప్పెను. నేర్పుగల పనివారు ఒకచోట దొరకుట మొదటిది. పరికరములను, ముడిసరకులను అందించు అనుబంధవృత్తులు ప్రక్కనే వెలయుట రెండవది. ఒకని యుక్తి పదుగురికి తెలిసి, దానిపై మరియొకడు మెరుగు పెట్టుట మూడవది. మన పల్లెటూరి అనుభవమునకు ఇది క్రొత్త గాదు. సాలెవారి వీధిలో నేత, రంగు, ఆసు, పడుగు అన్నియు ఒకదాని నొకటి ఆనుకొని యుండుట తరతరములుగా చూచుచునే యున్నాము. కంప్యూటర్లకును, మందులకును, ఉపగ్రహముల భాగములకును అదే న్యాయము వర్తించును.

తెలుగుదేశమునందే దీనికి గొప్ప తార్కాణము కలదు. హైదరాబాదు నేడు ఔషధములకు జగత్ప్రసిద్ధమైనది. ఇది 1999లో జీనోమ్ వ్యాలీ ప్రకటించుటతో పుట్టిన కీర్తి యని పలువురు తలంతురు. కాని వేళ్లు అంతకు చాల లోతుగా నున్నవి. 1944లో నెలకొల్పబడి, పిదప కేంద్ర శాస్త్ర పరిశోధనా మండలి చేతికి వచ్చిన ప్రయోగశాల యక్కడ రసాయనశాస్త్రజ్ఞులను తయారు చేయుచుండెను. 1961లో కేంద్రప్రభుత్వము ఇండియన్ డ్రగ్స్ అండ్ ఫార్మాస్యూటికల్స్ సంస్థను స్థాపించి, దాని కర్మాగారములలో నొకదానిని ఆ నగరపు బాలానగరు ప్రాంతమున నిలిపెను. 1970 నాటి పేటెంటు చట్టము 1972లో అమలునకు వచ్చి, ఒక మందును వేరొక విధానమున తయారుచేయుట మన దేశమున న్యాయసమ్మతమయ్యెను. అంతట ఆ ప్రభుత్వ కర్మాగారమున పని నేర్చిన రసాయనజ్ఞులు ఒక్కరొక్కరే వెలుపలికి వచ్చి సొంత కొలిమి పెట్టుకొనిరి. తాడేపల్లి పసుపురైతు బిడ్డయైన కల్లం అంజిరెడ్డిగారు ఆ కర్మాగారమున పనిచేసి వచ్చినవారే. 1984లో వారు స్థాపించిన సంస్థ పేరు నేడు ఖండాంతరములందు వినబడుచున్నది.

ఇందలి విశేషమును పాఠకులు గమనింపవలెను. ప్రభుత్వపు కర్మాగారము తరువాత నష్టములలో మునిగినది. అయినను అది నేర్పిన విద్య మునుగలేదు. జీడిమెట్ల, బొల్లారము, పటాన్‌చెరువు ప్రాంతములందు అది మొలకెత్తినది. సాఫ్టువేరు విషయమునను అంతే. 1998లో హైటెక్ సిటీ భవనమును ప్రారంభించుట అందరకు జ్ఞాపకమున్నది. కాని 1967లోనే అచ్చట ఎలక్ట్రానిక్స్ కార్పొరేషను వెలసి కంప్యూటర్లను తయారుచేయుటయు, రక్షణశాఖ పరిశోధనశాలలు ఇంజనీర్లను పోషించుటయు, ఉస్మానియా విశ్వవిద్యాలయము 1918నుండి విద్య గరపుటయు ఎందరకు జ్ఞాపకమున్నవి? భవనము వచ్చుటకు ముప్పదియేండ్ల ముందే మనుష్యులు సిద్ధమగుచుండిరి. ఈ కీర్తికి వెల లేకపోలేదు. పటాన్‌చెరువు వాగులు విషమైపోయి అక్కడి రైతులు న్యాయస్థానముల చుట్టును తిరిగిన చరిత్రమును మరచినచో మన లెక్క సగము లెక్కయే యగును.

పరదేశములందు దృష్టాంతము కోరువారు తైవాను ద్వీపమును చూడవచ్చును. నేడు లోకమంతయు ఆ చిన్న ద్వీపపు సెమీకండక్టరు ముక్కలపై నాధారపడియున్నది. ఆ ద్వీపమువారు 1973లో ఒక పారిశ్రామిక పరిశోధనా సంస్థను స్థాపించిరి. 1976లో అమెరికానుండి ఆ విద్యను నేర్చుకొనుటకు యువకులైన ఇంజనీర్లను పంపిరి. 1980లో షిన్‌చూ పట్టణమున రెండు విశ్వవిద్యాలయముల చెంతనే శాస్త్రక్షేత్రమును తెరచిరి. ఆ పరిశోధనా సంస్థనుండియే 1980లో నొక కర్మాగారమును, 1987లో నేటి విఖ్యాత సంస్థయు పుట్టినవి. ముందు విద్య, పిదప విద్య నేర్చిన మనుష్యులు, ఆపైన భూమి, చివరకు కీర్తి. మన యొప్పందములలో భూమి మొదటను, విద్య చివరను వచ్చుచున్నవి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ మన్న సామెత ఊరక పుట్టలేదు.

కావున మండలముల యోగ్యతను నిర్ణయించుటకు మేము నాలుగు ప్రశ్నలను ప్రతిపాదించుచున్నాము. ఈ పనిలో నేర్పుగలవారు ఇదివరకే అచ్చట కలరా? ఆ నేర్పును వృద్ధిచేయు విద్యాలయము, పరిశోధనశాల చెంతనున్నవా? చిన్నవాడు తన సరకును పరీక్షించుకొనుటకు, అమ్ముకొనుటకు వీలు కలదా? అన్నిటికంటె ముఖ్యముగా, పెద్ద సంస్థలో పదేండ్లు పనిచేసినవాడు బయటకు వచ్చి ఆ యూరిలోనే సొంత దుకాణము పెట్టగలడా? ఈ నాలుగవ ప్రశ్నకు కాదని జవాబు వచ్చినచోట ఎన్నివేల కోట్లు కుమ్మరించినను కర్మాగారము నిలుచునేగాని మండలము లేవదు.

ఈ ప్రశ్నలతో ముందు విశాఖపట్టణమును చూతము. ప్రకృతి యిచ్చిన రేవు, 1933లో తెరచిన ఓడరేవు, 1926లో స్థాపితమై పిదప వాల్తేరు చేరిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దానికి గలవు. వాల్‌చంద్ హీరాచంద్‌గారి సింధియా సంస్థ 1941లో నౌకానిర్మాణశాలకు పునాది వేసెను. 1948లో జలఉష యను ఓడ అక్కడనుండి నీటికి దిగినది. 1966లో భారీ పాత్రలను, యంత్రములను చేయు ప్రభుత్వ కర్మాగారమును, 1969లో నౌకాదళ శాస్త్రప్రయోగశాలయు వచ్చినవి. 1966నాటి ఆందోళనలో ముప్పదిమందికి పైగా ప్రాణములర్పించిన పిమ్మట, అరువదికి పైగా గ్రామములవారు తమ భూములను వదలిన పిమ్మట ఉక్కు కర్మాగారము నిలిచినది. ఇన్ని పెద్ద సంస్థలు గల పట్టణము మన రాష్ట్రమున మరియొకటి లేదు.

మరి నాలుగవ ప్రశ్నకు జవాబేమి? ఓడకు వలసిన యంత్రములు, పరికరములు చాలవరకు వెలుపలినుండియే వచ్చినవి. ఉక్కు కర్మాగారమునకు సొంత ఇనుపగని నేటికిని లేదు. 2021 జనవరిలో దానిని విక్రయించుటకు కేంద్రము సూత్రప్రాయముగా నిర్ణయించుటయు, ప్రజల నిరసన పిమ్మట 2025 జనవరిలో 11,440 కోట్ల రూపాయల సహాయము ప్రకటించుటయు పాఠకులకు తెలిసినవే. గాజువాకలో, ఆటోనగరులో వెల్డర్లును, ఫిట్టర్లును అనేకులు కలరు. వారి నేర్పు గొప్పది. కాని పెద్ద సంస్థలు తమకు వలసిన నిర్ణీత భాగములను వారిచేత చేయించి, కొలతలు నేర్పి, తప్పులు దిద్ది, వారిని పైమెట్టునకు చేర్చు ప్రయత్నము ఒక వ్రతముగా సాగలేదు. విశాఖకు కొరతవడినది పెద్ద సంస్థలు గావు. పెద్దదానికిని చిన్నదానికిని నడుమ నుండవలసిన వంతెనయే కొరతవడినది.

డేటా కేంద్రము ఈ వంతెనను కట్టునా? నిష్పక్షపాతముగ చెప్పవలెనన్న, దానివలన కలుగు మేలు కొంత కలదు. ఇంతవరకు మన దేశమునకు వచ్చు సముద్రగర్భపు తంత్రులు ఎక్కువగ ముంబయి, చెన్నపట్టణములందే ఒడ్డు చేరుచున్నవి. విశాఖకు అట్టి తంత్రులు వచ్చినచో తూర్పుతీరమునకు క్రొత్త ద్వారము తెరచినట్లే. కాని డేటా కేంద్రము స్వభావముచేత విద్యుత్తును హెచ్చుగను, మనుష్యులను తక్కువగను కోరు పరిశ్రమ. ప్రకటించిన శక్తి ఒక గిగావాటు, అనగా వేయి మెగావాట్లు. విశాఖ చెంతనున్న సింహాద్రి విద్యుత్కేంద్రపు మొత్తము సామర్థ్యము 2,000 మెగావాట్లు. అందులో సగమంతటి శక్తి ఒక్క పరిశ్రమకు! యంత్రములను చల్లబరచుటకు నీరు వేరుగ కావలెను. వేసవిలో కుళాయి నీటికై బిందెలు వరుసపెట్టు పట్టణమున ఈ లెక్కను ముందుగా బహిరంగపరచుట ప్రభుత్వ ధర్మము. ఆ కేంద్రపు గణనశక్తిలో కొంత భాగమును విశ్వకళాపరిషత్తునకును, స్థానిక యువసంస్థలకును తక్కువ వెలకు కేటాయింపవలెనని ఒప్పందమున వ్రాయించినచో మేలు. వ్రాయింపనిచో మన నేలపై ఇతరుల గిడ్డంగి నిలుచును. గిడ్డంగికి కాపలావాడు కావలయును గాని శాస్త్రజ్ఞుడు అక్కరలేదు.

అదే విశాఖలో మరియొక ప్రయత్నము మాకు హెచ్చు ఆశ కలిగించుచున్నది. 2016లో మొదలైన వైద్యపరికరముల క్షేత్రము, మెడ్‌టెక్ జోన్, సుమారు 270 ఎకరములలో నున్నది. గూగుల్ ప్రకటనతో పోల్చినచో అది చిన్నది. కాని దాని పద్ధతి వేరు. గామా కిరణములతో పరికరములను క్రిమిరహితము గావించు కేంద్రము, విద్యుదయస్కాంత పరీక్షలు జరుపు ప్రయోగశాల మొదలగునవి అందరకు ఉమ్మడిగ నచ్చట నిలుపబడినవి. ఒక చిన్న తయారీదారుడు ఇట్టి పరీక్షశాలను సొంతముగ కట్టుకొనజాలడు, పరీక్ష లేనిదే ఆసుపత్రి అతని పరికరమును ముట్టదు. ఆ యడ్డును తొలగించుటయే ప్రభుత్వము చేయదగిన పని. 2020లో కరోనా మహమ్మారి విజృంభించి విదేశములనుండి సరకు రానపుడు శ్వాసయంత్రములును, పరీక్షా సాధనములును ఆ క్షేత్రమునుండియే వెలువడినవి. ఆపదనాడు అక్కరకు వచ్చినదే నిజమైన స్వదేశీయమని మా నమ్మకము.

ఇక రాయలసీమ. 1946లో ప్రారంభమైన ఇంజనీరింగు కళాశాల అనంతపురమునకు వచ్చి మూడుతరములైనది. అందు చదివినవారు దేశదేశములందు ఆనకట్టలు కట్టిరి, యంత్రములు నడపిరి. కాని కళాశాల ప్రక్కన కర్మాగారము లేనందున వారిలో ఊర నిలిచినవారు కొలదిమంది. విద్య యొక్కటియే చాలదనుటకు అనంతపురమే సాక్ష్యము. 2017లో కియా సంస్థతో ఒప్పందము కుదిరి, పెనుకొండ చెంత ఎర్రమంచి గ్రామమున 2019లో కార్ల ఉత్పత్తి ఆరంభమయ్యెను. సంవత్సరమునకు మూడులక్షల కార్ల సామర్థ్యముగల కర్మాగారము కరవునేలకు వచ్చుట సామాన్యము గాదు. గొల్లపల్లి జలాశయమునుండి దానికి నీరు చేర్చిరి. కొరియానుండి విడిభాగముల సంస్థలు కొన్ని దాని వెంట వచ్చినవి. ఇప్పుడు వేయవలసిన ప్రశ్న యిది: ఆ విడిభాగములలో మనవారు సొంతముగ రూపించి, సొంత పెట్టుబడితో చేయునవి ఎన్ని? అనంతపురపు కళాశాలలో అచ్చులు, లోహములు, బ్యాటరీలు బోధింపబడి, ఆ విద్యార్థులు పెనుకొండలో పని నేర్చి, హిందూపురములో దుకాణము పెట్టిననాడు రాయలసీమ యోగ్యత ఋజువగును. బెంగుళూరు చేరువలోనుండుట దానికి గొప్ప వరము. ఆ చేరువయే మన యువకులను దూరముగ లాగుచుండుట దాని శాపము.

దక్షిణపు కొననున్న శ్రీసిటీ సంగతియు నిట్టిదే. 2008లో ఆరంభమైన ఆ క్షేత్రము చెన్నపట్టణమునకు ఏబదియైదు కిలోమీటర్ల దూరమున నున్నది. అచ్చట కార్లు, చరవాణులు, ఇంకను అనేక వస్తువులు తయారైనవి. దాని బలమునకు ముఖ్యకారణము చెన్నపట్టణపు రేవును, అక్కడి సరఫరాదారులును. పొరుగువాని దీపము మన ముంగిట వెలుగు నిచ్చిన సంతోషమే. కాని 2015లో తిరుపతికి వచ్చిన ఐ.ఐ.టి.యు, శాస్త్రవిద్యాసంస్థయు ఈ క్షేత్రముతో చేయి కలిపినపుడే ఆ దీపమునకు మన నూనె తోడగును.

అందరును మరచిన మండలము కృష్ణా గోదావరుల డెల్టా. ఇచ్చట భూమి వెల హెచ్చు, ఖాళీ భూమి తక్కువ. ఎకరములను కొలుచువారి కంటికి ఇది ఆనదు. కాని మా నాలుగు ప్రశ్నలకు చక్కని జవాబులు ఇచ్చటనే దొరకుచున్నవి. బందరును జూడుడు. 1910లో కోపల్లె హనుమంతరావుగారు తమ మిత్రులతో కూడి అచ్చట ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించి, అక్షరములతోపాటు చేతిపనులను నేర్పించిరి. చిలకలపూడి పనివారు రాగి ఇత్తడులపై బంగారు పూత పూసి చేయు నగలు దేశమంతట అమ్ముడుపోవుచున్నవి. పాఠశాలలకు శాస్త్రపరికరములను చేయు ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ స్వాతంత్ర్యమునకు పూర్వమే ఆ పట్టణమున వెలసినది. అది చితికిపోగా 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ దానిని తీసికొని, సైనికులు చీకటిలో చూచు పరికరములను అచ్చట చేయించుచున్నది. లోహముపై సన్నని పూత పూయు చేయియు, కటకములను సానబట్టు చేయియు ఒకే పట్టణమున నున్నవి. ఈ రెండును సూక్ష్మపరికరముల పరిశ్రమకు మూలవిద్యలు. ఇట్టి పట్టణమునకు ఒక ఉమ్మడి పరీక్షశాలయు, పూతలను గూర్చి బోధించు చిన్న సంస్థయు ఇచ్చినచో ఎంత వెల యగును? పెరటిచెట్టు వైద్యమునకు పనికిరాదను మన బుద్ధియే దీనికి అడ్డు.

భీమవరము వైపు పోయిన నిజమైన క్లస్టరు ఏదో కన్నులార చూడవచ్చును. దేశమున పెంచు రొయ్యలలో అధికభాగము మన రాష్ట్రమునదే. సముద్రతీరమున హేచరీలు, లోపల చెరువులు, మేత మిల్లులు, మంచు కర్మాగారములు, శీతలగిడ్డంగులు, ఎగుమతిదారులు ఒకరి నొకరు ఆనుకొని యున్నారు. ఏ ప్రభుత్వమును పిలిచి పీట వేయకయే రైతులు దీనిని కట్టిరి. కాని దీని విద్య మనచేతిలో లేదు. 2009లో అనుమతింపబడిన వనామీ రొయ్యకు తల్లిరొయ్యలు విదేశములనుండి రావలెను. తెల్లమచ్చ తెగులు తగిలినదా లేదా యని తేల్చు పరీక్షకు రైతు పరుగెత్తవలెను. రాత్రివేళ చెరువునీటిలో ప్రాణవాయువు తగ్గి, ఏరేటరు ఆగిపోయినచో తెల్లవారునప్పటికి పంట తేలిపోవును. 2025లో అమెరికా సుంకములు పెంచగా మన చెరువుగట్లపై నిద్ర కరవయ్యెను. తల్లిరొయ్యల వంశాభివృద్ధి, తెగుళ్ల శీఘ్రపరీక్ష, నీటిని కనిపెట్టుచుండు సూక్ష్మయంత్రములు, విద్యుత్తును పొదుపుచేయు ఏరేటర్లు, రొయ్యపొట్టునుండి తీయు పదార్థములు — వీనిలో ప్రతియొక్కటియు ఉన్నతమైన సాంకేతికవిద్యయే. కొనువాడు ఆ ఊరిలోనే యున్నాడు, తప్పు చెప్పువాడును ఆ ఊరిలోనే యున్నాడు. క్రొత్త సంస్థకు ఇంతకుమించిన పాఠశాల ఏది? ఒక డేటా కేంద్రమునకిచ్చు రాయితీలో ఇసుమంత భాగము దీనికి వెచ్చించినను ఫలము వేయింతలగునని మా నిశ్చయము.

అమరావతిని గూర్చి ఒకమాట. 2015లో అచ్చటి రైతులు రాజధానికై సుమారు 34,000 ఎకరముల నిచ్చిరి. వారి ఋణము తీరవలెను, ఆ నగరము వెలయవలెను. కాని సమస్తమును ఒకచోటనే పేర్చు బుద్ధి మనకు ఒకమారు ఎంత నేర్పినదో మరువరాదు. ప్రభుత్వ సంస్థలన్నియు హైదరాబాదునందే చేరినందున, 2014 జూన్ 2వ తేదిన రాష్ట్రము విడిపోయినపుడు ఈవలివారు రిక్తహస్తులైరి. ఆ దోషము హైదరాబాదుది గాదు, నాటి పాలకుల దృష్టిది. క్వాంటం గణనము అమరావతిలో నుండవచ్చును. సూక్ష్మపరికరములు బందరున, జలజీవవిద్య భీమవరమున, వైద్యపరికరములును నౌకావిద్యయు విశాఖలో, వాహనవిద్య పెనుకొండలో వెలయవలెను. ఏ చేయి ఎచ్చట ఆడుచున్నదో అచ్చటనే దానికి విద్య చేర్చుట న్యాయము.

"రాయితీలు ఈయనిచో పెద్ద సంస్థలు పొరుగు రాష్ట్రమునకు పోవునుగదా" యని కొందరు మిత్రులు మాతో వాదించుచున్నారు. ఈ వాదమున నిజము కలదు. పోటీ తీవ్రముగ నున్నది, ఒట్టిచేతులతో ఎవరును రారు. మేము రాయితీని వలదనుటలేదు, ఊరక ఇయ్యవలదనుచున్నాము. ఇచ్చిన ప్రతి యెకరమునకును ఇంతమంది యువకులకు పని నేర్పవలెను, ఇన్ని భాగములు ఇచ్చటి చిన్న కర్మాగారములచేత చేయింపవలెను, ఇంత పరిశోధన ఇచ్చటనే జరుపవలెను అను నియమములు చేర్పవలెను. చేయనిచో భూమి వెనుకకు రావలెను. పెద్ద సంస్థలకు నూరెకరము లిచ్చుచోట చిన్నవానికి అరయెకరపు షెడ్డును అద్దెకీయవలెను. ప్రతి మండలమున ఉమ్మడి పరీక్షశాల నొకటి నిలిపి, పాలిటెక్నిక్కులను, ఐ.టి.ఐ.లను ఆ మండలపు పనితో ముడిపెట్టవలెను. ఇరువదియేండ్ల నాటి యంత్రములపై నేర్చిన బాలుడు నేటి యంత్రమును చూచి బెదరుట వాని తప్పు గాదు.

ఇవన్నియు ప్రభుత్వము చేయదగినవి. ప్రజలు చేయదగినది ఒకటి కలదు. మన పట్టణములందలి పఠనమందిరములు ఒకనాడు స్వాతంత్ర్యమును గూర్చి ప్రశ్నలు పుట్టించినవి. నేడు అవి పరిశ్రమలను గూర్చి ప్రశ్నలు పుట్టింపవలెను. మీ మండలమునకు పరిశ్రమ వచ్చుచున్నదని శాసనసభ్యుడు వచ్చి చెప్పినపుడు కరతాళధ్వనులు చేయుడు, తప్పులేదు. పిదప లేచి మర్యాదగ అడుగుడు: అయ్యా, ఇందు పని నేర్చిన మా పిల్లవాడు పదేండ్లకు ఈ యూరిలోనే సొంత కర్మాగారము పెట్టగలడా? పెట్టుటకు వానికి పరీక్షశాల, అప్పు, అరయెకరము ఎచ్చట దొరకును? నీరు ఎవరి కాలువనుండి తీసికొందురు? జవాబు వచ్చినచో వ్రాసియుంచుకొనుడు. రానిచో మరుసటి సభలో మరల అడుగుడు. కూలికి పోవు చేతులను మనము చాలకాలము పంపితిమి. మన వీధిలోనే కొలిమి రాజవేయు చేతులను ఇకనైనను పెంచుకొందము.